జిల్లా సగటు బాగుంటే కొండ ఊళ్ల పరిస్థితి ఎలా చూపించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదివి పార్వతీపురం మన్యం జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నారు. సమీక్షా సమావేశాల్లో ఆరోగ్య లెక్కల జిల్లా సగటు ఫరవాలేదంటున్నారు, మీరు తిరిగే కొండ ఊళ్లలో మాత్రం వేరేగా కనిపిస్తోంది. సర్వే చేద్దామంటే మీ సంస్థ పెద్దలు "ఇన్ని సర్వేలు చేశారు, ఏం ఒరిగింది?" అంటున్నారు. జనాభా మొత్తాన్ని చూసే ఆరోగ్య పరిశోధనతో ఊరికీ ఊరికీ, మనిషికీ మనిషికీ మధ్య ఆరోగ్యంలో ఉన్న అంతరాలు నిజంగా తగ్గుతాయా? తగ్గేటట్టయితే ఎక్కడ మొదలుపెట్టాలి?

తగ్గుతాయండి. కాకపోతే మీ పెద్దల విసుగును కొట్టిపారేయకండి. కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెప్పుకుంటూ కోస్తాలోనూ తెలంగాణలోనూ ఏళ్ల తరబడి ఫీల్డు సర్వేలు నడిపినవాణ్ని. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం "అంతరం ఉంది" అని తేల్చి అక్కడితో ఆగిపోయినవే. పేదవాళ్లకు జబ్బులెక్కువని తేల్చడానికి సర్వే దేనికి, పెద్దాసుపత్రి ఓపీ లైన్లో కాసేపు నిలబడితే తెలుస్తుంది. పనికొచ్చిన అధ్యయనాలు రెండు పనులు చేశాయి. ఎవరి లెక్కలోకీ రాని మనుషుల్ని ముందు వెతికి పట్టుకున్నాయి. ఆ తర్వాత, ఫలానాది అందిస్తే ఇంత మారుతుందని చేసి చూపించాయి. మొదటిది లేకుండా రెండోది గుడ్డిగా పోతుంది, రెండోది లేకపోతే మొదటిది రిపోర్టుగా అల్మరాలో చేరుతుంది.

ముందు ఆ జిల్లా సగటు సంగతి చూద్దాం. సమావేశంలో చూపించే అంకె ఎక్కడిదో అడగండి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఐదో విడత) అంటే గనక, ఆంధ్రప్రదేశ్‌లో ఆ సర్వేవాళ్లు ఇళ్లు తిరిగింది 2019లో. మీ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్‌లో. అంటే అది పాత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల అంకె. చీపురుపల్లి మైదానమూ కురుపాం కొండలూ కలిసిపోయి ఒక్క శాతంగా బయటికొచ్చాయి. పైగా ఆ సర్వేలో జిల్లాకు సుమారు 900 ఇళ్లే. అందులో రోడ్డు లేని ఊళ్లవి ఎన్ని పడి ఉంటాయో మీరే ఊహించుకోండి. సర్వేని తప్పుపట్టడం లేదు, అది జిల్లా స్థాయి చిత్రం కోసం చేసింది. దాన్ని మండలానికి, ఊరికి అన్వయించేవాళ్లదే పొరపాటు.

ఇంకో మెలిక "ఎస్టీ" అనే కాలమ్. పిల్లల్లో ఎదుగుదల లోపం, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం, దేశం మొత్తం మీద 35.5 శాతం అయితే ఎస్టీ పిల్లల్లో దాదాపు 41 శాతం అని అదే సర్వే చెప్పింది. మన దగ్గర ఆ ఒక్క మాట కింద జాతాపులు, సవరలు, కొండదొరలు, సుగాలీలు, యానాదులు, చెంచులు అందరూ ఉన్నారు. భూమి, చదువు, రోడ్డు, ఉద్యోగం ఏది తీసుకున్నా వీళ్లందరి పరిస్థితీ ఒకటి కాదు. కాబట్టి మీ ఫారంలో తెగ పేరు విడిగా రాయండి. తర్వాత కలపాలంటే ఎప్పుడైనా కలపొచ్చు, కలిపి రాసినదాన్ని విడదీయలేం.

ఇక రిజిస్టర్లు. ఏ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లోనైనా కాన్పుల రిజిస్టర్ తెరిచి బిడ్డ బరువు కాలమ్ మీద వేలు పెట్టి కిందికి రండి: 2.5, 2.5, 3, 2.5, 2.8, 2.5. బిడ్డలు ఇలా వరసగా ఒకే బరువుతో పుట్టరు. 2.5 కిలోల లోపు అయితే తక్కువ బరువు కింద రాయాలి, రిఫర్ చెయ్యాలి, పై అధికారికి సంజాయిషీ చెప్పుకోవాలి. ముల్లు 2.3 దగ్గర ఊగుతుంటే చెయ్యి 2.5 రాసేస్తుంది. బీపీ కాలమ్‌లో 120/80 వరసా అంతే. ఇవి చూసి నర్సుల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు గానీ, ఆ కాలమ్‌తో అంతరాలు కొలవబోయే ముందు ఏ అంకెలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టుకోండి. సగం ఎంట్రీలు ఒకే అంకె అయితే ఆ డేటా పక్కన పెట్టి, సొంత తూకం యంత్రంతో బరువులు చూసుకోవాలి.

అంతకన్నా పెద్ద లోపం, రిజిస్టర్‌లో ఆసుపత్రికి వచ్చినవాళ్లే ఉంటారు. దారిలో కాన్పయినవాళ్లు, ఇంట్లోనే కానిచ్చేసినవాళ్లు, పనులకు వలసపోయి అక్కడే కన్నవాళ్లు అందులో ఉండరు. న్యూమరేటర్, అంటే లెక్కకు దొరికినవాళ్ల సంఖ్య, అందరి దగ్గరా ఉంటుంది; డినామినేటర్, అంటే అసలు మొత్తం ఎంతమందో ఆ జాబితా, తయారు చెయ్యడమే అసలు కష్టం. మీరు మొదటి రెండు మూడు నెలలు దానికే కేటాయించండి. ఆశా దగ్గరున్న ఇళ్ల జాబితా, అంగన్‌వాడీ జాబితా, ఓటర్ల జాబితా మూడూ పక్కపక్కన పెట్టి, ఏ మనిషి దేంట్లో లేడో గుర్తుపెట్టండి. మూడింట్లోనూ లేనివాళ్లు కూడా తేలతారు. కొండ పైన నాలుగైదు ఇళ్ల గుంపులు, పోడు చేలకు దగ్గరగా కొత్తగా వేసుకున్న గుడిసెలు, ఒడిశా వైపు నుంచి వచ్చి ఉంటున్న కుటుంబాలు. మీరు వెతుకుతున్న అంతరం చాలావరకు అక్కడే ఉంటుంది.

ఇలా ఊరంతా లెక్కలోకి తీసుకుంటే ఏం తేలుతుందో గోదావరి జిల్లాలు చూపించాయి. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరుల్లో 45 ఊళ్లు, 1,80,000 పైచిలుకు జనాభా తీసుకుని, ఒక ఏడాదిలో చనిపోయిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్లారు. పల్లెల్లో చావులు ఎక్కువగా ఇంట్లోనే, డాక్టర్ రాసిన కారణం అంటూ ఉండదు. అందుకని వెర్బల్ అటాప్సీ అనే పద్ధతి వాడారు. అరుగు మీద కూర్చుని "ఏ జబ్బుతో పోయారు?" అని అడగరు. అలా అడిగితే "వయసైపోయింది", "గుండె ఆగింది" అని ఊరుకుంటారు. "ఆ రోజు పొద్దున ఏం చేశారు, ఏమన్నారు?" అని మొదలుపెడతారు. ఛాతీలో బరువుగా ఉందన్నాడని, గ్యాస్ అనుకుని సోడా తాగించామని, ఒళ్లంతా చెమటలు పట్టాయని, ఆటో వచ్చేలోపే పోయాడని ఒకరు చెబుతారు. మూతి వంకర పోయిందని, ఒక పక్క పడిపోయిందని ఇంకొకరు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇదంతా రాసుకొస్తే డాక్టర్లు చదివి కారణం నిర్ణయిస్తారు.

ఆ 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే అని తేలింది. అంటువ్యాధులవి 12 శాతం. గుండెపోటు పట్నం డబ్బున్నవాళ్ల జబ్బు అనే నమ్మకం అప్పటికి డాక్టర్లలోనూ గట్టిగానే ఉండేది. పల్లె పీహెచ్‌సీలన్నీ కాన్పులు, టీకాలు, కుటుంబ నియంత్రణ చుట్టూ తిరిగేవి, బీపీ మాత్రల స్టాకు గురించి అడిగే నాథుడు లేడు. చచ్చిపోతున్నది ఒక జబ్బుతో, ఏర్పాట్లున్నది ఇంకో జబ్బుకి. ఆసుపత్రి రికార్డులు వందేళ్లు తిరగేసినా ఈ సంగతి బయటపడేది కాదు, ఎందుకంటే ఆ చనిపోయినవాళ్లు ఆసుపత్రికి రానేలేదు.

ఆ తర్వాతి కథ మీకు ఇంకా ముఖ్యం. కొన్నేళ్లకు పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 ఊళ్లలో ఒక ప్రయోగం చేశారు. ఆశాల చేతికి ట్యాబ్‌లిచ్చి, ఇంటింటా బీపీ చూసి, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లను గుర్తించి డాక్టర్ దగ్గరికి పంపమన్నారు. ఆశాలు ఆ పని చక్కగా చేశారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు పెరిగారు కూడా. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్య మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు. 2019లో ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. బీపీ మాత్ర రోజూ, ఏళ్ల తరబడి వేసుకోవాల్సింది. డాక్టర్ ఉన్న రోజు మాత్రల్లేక, మాత్రలున్న రోజు డాక్టర్ లేక, ఇచ్చినా పది రోజులకే ఇస్తే, మనిషి ఎన్నిసార్లు కూలి మానుకుని వస్తాడు? గుర్తించడం వరకు బాగా సాగిన కార్యక్రమం మాత్ర నోట్లో పడేదాకా సాగకపోతే అంతరం ఉన్నచోటే ఉంటుందని నేను దాన్నుంచి నేర్చుకున్నాను. మీ సంస్థలో ఎవరైనా "యాప్ చేద్దాం" అంటే ముందు ఈ ఫలితం చెప్పండి.

దీనికి పూర్తిగా భిన్నంగా నడిచినది జార్ఖండ్ క్షయ అధ్యయనం. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవల బృందం, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థతో కలిసి 2019–2022 మధ్య నాలుగు జిల్లాల్లో చేసింది. 2,800 మంది క్షయ రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే 10,345 మంది కుటుంబ సభ్యులు. రోగుల్లో ఐదుగురికి నలుగురు ఉండాల్సిన బరువు కన్నా తక్కువున్నారు. మందులతో పాటు రోగులందరికీ నెలనెలా బియ్యం, శనగపిండి, పాలపొడి, నూనె ఇచ్చారు. సగం ప్రాంతాల్లో ఇంట్లోవాళ్లకు కూడా మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. మిగతా సగంలో ఇంట్లోవాళ్లకు ఇవ్వలేదు. ఇంతే ప్రయోగం.

ఇంట్లోవాళ్లకు తిండి అందినచోట కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల క్షయ, అదీ పరీక్షలో సూక్ష్మక్రిమి కనబడి నిర్ధారణైన కేసుల వరకే తీసుకుంటే 48 శాతం. ఇక రోగుల్లో, మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగినవాళ్లకు చనిపోయే ముప్పు 61 శాతం తక్కువ. ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చాయి. క్షయ పేదల జబ్బు అని నూరేళ్లుగా చెబుతూనే ఉన్నాం. పప్పూ బియ్యం ఇస్తే ఎంత తగ్గుతుందో అంకె వేసి చెప్పినప్పుడు ఆ మాటకు బడ్జెట్ ఫైలులో చోటు దొరికింది. 2018 నుంచి క్షయ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే, నెలకు 500 రూపాయలున్న నిక్షయ్ పోషణ్ సాయం 2024 నవంబరు నుంచి 1,000 అయింది. ధరలు చూస్తే ఆ వెయ్యీ చాలదనుకోండి, అది వేరే వాదన.

ఈ పనికి పెద్ద గ్రాంటే ఉండాలని లేదు. ప్రభుత్వం ఏ పథకాన్నీ అన్ని ఊళ్లకూ ఒకేసారి తేలేదు. ముందు కొన్ని ఊళ్లు, తర్వాత మిగతావి. ఆ వరసను పట్టుకుంటే చాలు. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 1987–90లో అదే చేశారు. ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీల పథకం, అప్పటికే వచ్చిన 15 ఊళ్లు, ఇంకా రాని 14 ఊళ్లు తీసుకున్నారు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా. ఆ పిల్లలు 13–18 ఏళ్లవాళ్లయ్యాక మళ్లీ వెళ్లి చూశారు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. అంతకన్నా ఆశ్చర్యం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం వాళ్లలో 20 శాతం తక్కువ. లాటరీ వేసి ఎంచిన ఊళ్లు కావు కాబట్టి కాస్త ఆచితూచి చదవాలి. అయినా తల్లి కడుపులో ఉన్నప్పుడు తిన్న తిండికీ రేపటి షుగర్ జబ్బుకీ సంబంధం మన ఊళ్లలోనే ఇలా కనిపించడం చిన్న విషయం కాదు. మీ ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఈ ఏడాది ఏ పథకం ఏ ఊళ్లకు ముందు వెళ్తోందో కనుక్కోండి. వెళ్లకముందే రెండు రకాల ఊళ్లలోనూ కొలతలు తీసి పెట్టుకోండి. తర్వాత తీస్తే ఉపయోగం ఉండదు.

అంతరం అంటే ఎప్పుడూ వైద్యం తక్కువ అందడమే అనుకోకండి. మన రెండు రాష్ట్రాల్లో అక్కర్లేని వైద్యం ఎక్కువ అందడం కూడా అంతే పెద్ద సమస్య. 2015–16లో ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4 మొదటిసారి గర్భసంచి తీయించుకున్నారా అని మహిళలను విడిగా అడిగింది. 15–49 ఏళ్లవాళ్లలో దేశంలో 3.2 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. చాలావరకు ప్రైవేటు ఆసుపత్రుల్లో. పట్నంకన్నా పల్లెల్లో ఎక్కువ, చదువుకున్నవాళ్లకన్నా చదువు లేనివాళ్లలో ఎక్కువ. ఇరవై అయిదేళ్లకే పిల్లల ఆపరేషన్ అయిపోయిన ఆడమనిషికి తెల్లబట్టో, నడుంనొప్పో వస్తే "ఇంక దాంతో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుంది" అని భయపెట్టి తీసేసిన సందర్భాలు ఫీల్డులో తిరిగినవాళ్లందరికీ తెలుసు. కానీ తెలిసినవాళ్లు చెప్పే మాట వేరు, దేశం మొత్తం మీద మనమే ముందున్నామని అంకె చెప్పడం వేరు. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇవే ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ కేంద్ర మార్గదర్శకాలు అమలు చేయాలని ఆదేశించింది. సిజేరియన్ల లెక్కా ఇలాంటిదే: ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ప్రైవేటులో అయితే 81.5 శాతం. కాబట్టి "సేవలు ఎంతమందికి అందాయి" అనే కాలమ్ పక్కన "అవసరమై అందాయా" అనేది కూడా ఉండాలి.

ఇప్పుడు మీ సర్వేకి వద్దాం. మాతృ మరణాల రేటుతో మండలాలను పోల్చే ఆలోచన ఉంటే మానుకోండి. 2018–20 లెక్కల్లో బతికి పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, దేశంలో 97. రాష్ట్రం మొత్తానికి ఆ అంకె చెప్పడానికే మూడేళ్ల డేటా కలపాల్సి వస్తోంది. ఏడాదికి 600 కాన్పులయ్యే మండలంలో రాష్ట్ర సగటు లెక్కన నాలుగేళ్లకు ఒక మరణం రావచ్చు. ఈ ఏడు సున్నా వస్తే మండలం బాగున్నట్టు కాదు, రెండు వస్తే నాశనమైనట్టూ కాదు. ప్రతి మరణం మీదా విచారణ జరగాల్సిందే, రేటు మాత్రం వెయ్యకండి. చిన్న ఊళ్ల జాబితా చేస్తే అన్నిటికన్నా మంచివీ అన్నిటికన్నా చెడ్డవీ చిన్న ఊళ్లే అవుతాయి, అది అంకెల గారడీ తప్ప ఆరోగ్యం కాదు.

మీకు కావలసినవి తరచుగా జరిగేవి, నేరుగా కొలవగలిగేవి. పిల్లల జబ్బ, అంటే భుజానికీ మోచేతికీ మధ్య చెయ్యి, చుట్టుకొలత. మీ తూకంతో తీసిన పుట్టిన బరువు. బీపీ ఉన్నవాళ్ల దగ్గర ఆ రోజున ఇంట్లో మాత్రలున్నాయా లేదా అన్నది, అదీ అడిగి రాయొద్దు, చూపించమనండి. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బండి ఎక్కేదాకా ఎంతసేపు పట్టింది, అందులో డోలీ (కర్రకు కట్టి మనుషులు మోసుకెళ్లేది) మీద ఎంత దూరం. ప్రతి ఇంటికీ "బండి వచ్చే రోడ్డుకు నడక ఎన్ని నిమిషాలు" అనే కాలమ్ తప్పనిసరిగా పెట్టండి. నా అంచనాలో మీ జిల్లాలో కులం, ఆదాయం, చదువు కాలమ్‌ల కన్నా ఈ ఒక్క కాలమే ఎక్కువ చెబుతుంది. పైగా దాని మీద వెంటనే పని చెయ్యొచ్చు. సాలూరులో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం పెట్టింది ఈ దూరం తప్పించడానికే. నెలలు నిండకముందే వచ్చి అక్కడ ఉంటే డోలీ అవసరం పడదు. మీ డేటాతో చూడాల్సింది, గంటకు పైగా నడిచే ఊళ్ల నుంచి ఎందరు ఆ వసతికి వస్తున్నారు, రానివాళ్లు ఎందుకు రావడం లేదు అని. చిన్నపిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి, మేకల్ని ఎవరు చూస్తారు, భర్త కూలి పోతుంది, అక్కడి తిండి పడదు. కారణం ఒక్కోటి ఒక్కో పరిష్కారం అడుగుతుంది. కొత్త సౌకర్యం ఏది వచ్చినా ముందు దగ్గరున్నవాళ్లు, కాస్త చదువుకున్నవాళ్లు అందుకుంటారు, దాంతో కొంతకాలం అంతరం పెరిగినట్టే కనిపిస్తుంది. బ్రెజిల్ పరిశోధకుడు సీజర్ విక్టోరా 2000లోనే ఈ సంగతి చూపించారు. ఆ పెరుగుదల చూసి కార్యక్రమం మూసెయ్యకుండా, వెనకబడినవాళ్లు ఎప్పటికి అందుకుంటారో లెక్క పెట్టుకుంటూ పోవాలి.

చివరిగా ఒకటి, చాలామంది చివర్లోనే గుర్తుచేసుకుంటారు కాబట్టి చివర్లో రాస్తున్నాను గానీ మీరు దీన్ని మొదటి రోజే తేల్చుకోండి. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతానికి వెళ్లి ఆ జబ్బు గురించి ఎవరిని కదిపినా ఒకే మాట: "రక్తం తీసుకెళ్తారు, నీళ్లు తీసుకెళ్తారు, మళ్లీ కనపడరు." కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఎన్ని బృందాలు వచ్చి వెళ్లాయో. షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. ఎండలో చాకిరీ, నీళ్లు, పురుగుమందులు, నొప్పి మాత్రలు అన్నీ అనుమానాలే. కారణం దొరకడం ఎవరి చేతుల్లోనూ లేదు, కానీ పరీక్ష ఫలితం ఇంటికి చేర్చడం పరిశోధకుడి చేతిలో పనే. బీపీ చూసిన చోటే కాగితం మీద రాసిచ్చెయ్యండి, ఎక్కువుంటే ఎక్కడికి వెళ్లాలో, అక్కడ ఏ రోజు డాక్టరుంటారో కూడా. ఊరి లెక్కలు ఊరి గ్రామసభలో సవర భాషలోనో, వాళ్లకు అర్థమయ్యే తెలుగులోనో చదివి వినిపించండి. అక్కడ కూర్చున్న ఆడవాళ్లు మీ పట్టికలో రెండు తప్పులైనా పట్టుకుంటారు, అవి సరిదిద్దాకే కలెక్టరేట్‌కి పట్టుకెళ్లండి. వెళ్లేటప్పుడు నలభై పేజీల రిపోర్టు వద్దు. గంటకు పైగా నడిచే ఊళ్లు ఇన్ని, వాటి పేర్లు, అక్కడ ఈ ఏడాది నెలలు నిండే గర్భిణులు ఇంతమంది, వాళ్లకు వసతి గృహంలో ఇన్ని మంచాలు తక్కువ. ఒక్క పేజీ. మీ ఫారం ముసాయిదా తయారయ్యాక ఇక్కడ పెట్టండి, కాలమ్‌లు చూసి చెబుతాను.